బెంగళూరులోని తెలుగు ఇళ్లకు: మత్తు వ్యాపారం గడప తొక్కకుండా ఏం చేయాలి, తొక్కితే ఏం చేయాలి

మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ వంటి చోట్ల పిల్లలను చదువుకో ఉద్యోగానికో ఉంచిన తెలుగు తల్లిదండ్రుల కోసం, అక్కడే కాపురముంటూ తమ్ముళ్లకూ మేనల్లుళ్లకూ పెద్దదిక్కుగా ఉన్నవారి కోసం, పీజీలు నడుపుతున్న మనవారి కోసం ఈ సూచనలు రాస్తున్నాను. మత్తు మందుల ముఠా అనగానే తుపాకులు, పడవలు, అడవుల్లో రహస్య గిడ్డంగులు గుర్తుకు వస్తాయి కనుక, వాటికీ మన అబ్బాయికీ సంబంధమేమిటని ధీమాగా ఉండిపోతాం. ఈ వ్యాపారానికి ముఠా నాయకుల కంటే ఎక్కువగా కావలసింది పేరు, చిరునామా, సంచి, బ్యాంకు ఖాతా, గది తాళంచెవి అరువిచ్చే మామూలు మనుషులు. వారు దొరికేది బెంగళూరు వంటి ఊళ్లలోనే. అందువల్ల ఆ చిన్న సాయం అడిగినప్పుడు కాదనడం పిల్లలకు ముందుగానే నేర్పాలి.

సరకు దారి తెలుసుకోండి

కొకైన్‌కు మూలమైన కోకా పంట ప్రధానంగా కొలంబియా, పెరూ, బొలీవియాల్లో పండుతుంది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగం లెక్క ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 3,700 టన్నుల కొకైన్ తయారైంది. అదే ఏడాది ఏదో ఒక మత్తు పదార్థం వాడినవారు 31.6 కోట్ల మంది. అఫ్గానిస్థాన్‌లో 2022 ఏప్రిల్‌లో తాలిబన్లు నల్లమందు సాగును నిషేధించాక, అక్కడ 2 లక్షల 33 వేల హెక్టార్లున్న పంట మరుసటి ఏడాదికి 11 వేల హెక్టార్ల లోపుకు పడిపోయింది. వ్యాపారం మాత్రం ఆగలేదు. నల్లమందు ఉత్పత్తిలో మొదటి స్థానం మయన్మార్‌కు మారింది, ఆ దేశంలోని షాన్ రాష్ట్రం నుంచి మెథాంఫెటమిన్ అనే ఉత్తేజక మత్తుమందు కూడా పెద్ద ఎత్తున బయటికి వస్తోంది. ఒక చోట అణిచితే మరో చోట తేలడం ఈ వ్యాపారానికి మొదటి నుంచీ ఉన్న లక్షణం.

ఇంత దూరపు సంగతి మనకెందుకు అనుకునేవారు 2021 సెప్టెంబరు నాటి గుజరాత్‌లోని ముంద్రా ఓడరేవు కేసును గుర్తు చేసుకోవాలి. అఫ్గానిస్థాన్ నుంచి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ మీదుగా, టాల్కు రాళ్లని పత్రాల్లో రాసి పంపిన రెండు కంటైనర్లలో దాదాపు 3,000 కిలోల హెరాయిన్ దొరికింది. దిగుమతిదారుగా నమోదైన సంస్థ చిరునామా విజయవాడలోని ఒక ఇంటిది. దాన్ని నడుపుతున్న దంపతులను అధికారులు చెన్నైలో అరెస్టు చేశారు. వారి పాత్ర ఎంతన్నది తేలవలసింది న్యాయస్థానంలోనే. కానీ కాందహార్ నుంచి బయలుదేరిన సరకుకు ఒక తెలుగు ఇంటి తలుపు సంఖ్య ముసుగుగా పనికొచ్చిందన్నది గమనించవలసిన విషయం.

మన గడ్డ మీది దారి మరొకటి ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో, దానికి ఆనుకున్న ఒడిశా జిల్లాల్లో పండే గంజాయి రైళ్లలో, బస్సుల్లో, లారీల్లో దక్షిణాది నగరాలన్నిటికీ చేరుతూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021లో ఆపరేషన్ పరివర్తన పేరిట వేల ఎకరాల తోటలను నరికించారు; 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఒకే రోజున సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. ఈ గొలుసులో అందరికంటే తక్కువ సంపాదించేవారు పండించిన గిరిజన రైతు, సంచి మోసిన కుర్రవాడు. జైళ్లలో ఎక్కువగా కనిపించేదీ వీరే. పెట్టుబడి పెట్టినవాడి పేరు తరచుగా అభియోగపత్రం దాకా రాదు. ఇది ప్రపంచమంతటా ఉన్న తీరే అయినా, పాడేరు కుర్రవాడు బెంగళూరు జైల్లో ఉన్నాడని తెలిసినప్పుడు కలిగే బాధ వేరు.

వేటికి కాదనాలో ముందే చెప్పి పంపండి

ఊరు విడిచి వెళ్తున్న పిల్లలకు "చెడు స్నేహాలు చేయకు" అని చెప్పడం వల్ల ప్రయోజనం తక్కువ, ఎందుకంటే అడిగేవాడు చెడ్డవాడిలా కనిపించడు. సాధారణంగా అతడు సీనియరో, పక్క మంచం వాడో, మన జిల్లావాడో అయి ఉంటాడు. ఏ పనికి కాదనాలో పేరు పెట్టి చెప్పాలి.

ఇతరుల పార్సిల్ తన పేరున తెప్పించుకోవడానికి ఒప్పుకోకూడదు. విదేశాల నుంచి టపాలో వచ్చే ఎండీఎంఏ (పార్టీల్లో వాడే ఉత్తేజక మత్తుమందు) మాత్రలు, ఎల్‌ఎస్‌డీ (భ్రమలు కలిగించే మందు) పూసిన కాగితపు ముక్కలు ఉత్తరమంత చిన్న పొట్లాల్లో వస్తాయి. పట్టుబడినప్పుడు అధికారులు మొదట వెళ్లేది చిరునామాలో ఉన్న వ్యక్తి దగ్గరికే. "నా గది ఓనరు పార్సిళ్లు ఒప్పుకోడు, నీ పేరున పెట్టనా?" అన్న మాట మర్యాదగానే ఉంటుంది. దానికి జవాబు కూడా మర్యాదగా "వద్దు" అనే ఉండాలి. పీజీ నడిపేవారు వచ్చిన ప్రతి పార్సిల్‌కూ పేరు, ఫోను నంబరు, తీసుకున్నవారి సంతకం ఒక పుస్తకంలో రాయించడం మంచిది. గదిలో జరుగుతున్నది తెలిసి కూడా ఊరుకున్న యజమానికీ, గది తన పేరున ఉన్న అద్దెదారుకూ మాదకద్రవ్యాల నేరాలకు సంబంధించిన ఎన్‌డీపీఎస్ చట్టం 25వ సెక్షన్ వర్తిస్తుంది. శిక్ష అసలు నేరానికి ఉన్నంతే.

పరాయి సంచి పట్టుకోకూడదు. విశాఖ వైపు నుంచి బెంగళూరు రైలెక్కేటప్పుడు "మా బావ కేఆర్ పురంలో దించుకుంటాడు" అని ఇచ్చే బ్యాగుకూ, విమానాశ్రయంలో "నా బరువు ఎక్కువైంది, ఇది కాస్త మీ లెక్కలో వేయండి" అనే పెట్టెకూ ఒకటే సూత్రం. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో గంజాయిని నిషేధ జాబితా నుంచి తప్పించాక, అక్కడ నీటి తొట్లలో పెంచిన, హైడ్రో గంజాయి అని పిలిచే ఖరీదైన రకం కెంపెగౌడ విమానాశ్రయంలో పదే పదే పట్టుబడుతోంది. 2025లో ఆ దేశం వైద్యుల చీటీ ఉంటేనే అమ్మాలని మళ్లీ కట్టడి పెట్టింది. ఆ గంజాయిని మోసుకొచ్చేవారిలో ఉచితంగా బ్యాంకాక్ చూపిస్తామన్న ఆశకు లోబడిన యువకులుంటున్నారు. టికెట్టూ హోటలూ ఎవరో పెట్టుకుని, తిరుగు ప్రయాణంలో ఒక పెట్టె మాత్రం తెమ్మంటే, ఆ విహారయాత్ర వెల ఎంతో అప్పుడే అర్థం చేసుకోవాలి. సింగపూర్‌లో 500 గ్రాములకు మించిన గంజాయి రవాణాకు మరణశిక్ష ఉంది. 2023 ఏప్రిల్‌లో ఒక కిలోకు కాస్త మించిన గంజాయి కేసులో అక్కడ ఒక వ్యక్తిని ఉరితీశారు.

సందర్భం వచ్చింది కనుక గల్ఫ్ ప్రయాణికులకు ఒక మాట. మన వంటింట్లో మసాలాకు వాడే గసగసాలు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో నిషిద్ధం. కొడుకుకు మసాలా పొడి కట్టి పంపే తల్లి ఆ డబ్బాలో గసగసాలు లేకుండా చూసుకోవాలి. ట్రామడాల్, కొడీన్ కలిసిన మాత్రలు, దగ్గు మందులు వైద్యుని చీటీ, ముందస్తు అనుమతి లేకుండా తీసుకువెళ్లకూడదు.

బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ కార్డు ఎవరికీ అద్దెకివ్వకూడదు. "నీ ఖాతాలో డబ్బు పడుతుంది, రెండు శాతం ఉంచుకుని మిగతాది పంపు" అని అడిగేవారు చదువుకునే పిల్లలనే వెతుక్కుంటారు. ఆ డబ్బు మత్తు సరకుదో, సైబరు మోసానిదో అయితే ఖాతా స్తంభించడంతో పోదు. అక్రమ రవాణాకు ఆర్థికసాయం చేశారన్న ఎన్‌డీపీఎస్ చట్టం 27ఏ సెక్షన్ మెడకు చుట్టుకోవచ్చు. దానికి కనీస శిక్ష పదేళ్లు.

మత్తు పేరుతో వచ్చే దొంగ ఫోన్లు

ఈ వ్యాపారం పట్ల మనకున్న భయాన్నే పెట్టుబడిగా పెట్టుకున్న మోసమొకటి బెంగళూరులో ఎందరో ఐటీ ఉద్యోగుల పొదుపును ఊడ్చేసింది. కొరియరు సంస్థ నుంచి అంటూ ఫోను వస్తుంది; మీ ఆధార్ సంఖ్యతో ముంబయి నుంచి విదేశానికి పంపిన పార్సిల్‌లో ఎండీఎంఏ దొరికిందంటారు; వెంటనే పోలీసు దుస్తుల్లో ఒకడు వీడియో కాల్‌లోకి వచ్చి, గది తలుపు వేసుకుని కెమెరా ముందు నుంచి కదలవద్దంటాడు. చివరకు తనిఖీ పేరుతో మీ డబ్బును వారి ఖాతాకు పంపమంటాడు. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ఏ అధికారీ వీడియో కాల్‌లో అరెస్టు చేయడు, డబ్బు బదిలీ చేయమని అడగడు. ఫోను పెట్టేసి ఇంట్లో ఒకరికి చెప్పండి. డబ్బు పంపేసి ఉంటే సిగ్గుపడి తాత్సారం చేయకుండా సైబరు మోసాల సహాయ సంఖ్య 1930కి ఫోను చేయండి. మొదటి కొన్ని గంటల్లో చెబితేనే ఆ సొమ్మును దారిలో నిలిపే అవకాశం ఎక్కువ.

చట్టం బరువును బట్టి మాట్లాడుతుంది

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టాన్ని 2001లో సవరించి, శిక్షను పరిమాణానికి ముడిపెట్టారు. గంజాయి ఒక కిలో దాకా స్వల్ప పరిమాణం, 20 కిలోలు వాణిజ్య పరిమాణం. ఎండీఎంఏకు ఈ హద్దులు అర గ్రాము, 10 గ్రాములు. కొకైన్‌కు 2 గ్రాములు, 100 గ్రాములు. హెరాయిన్‌కు 5 గ్రాములు, 250 గ్రాములు. స్వల్ప పరిమాణానికి ఏడాది దాకా జైలు ఉంటే, వాణిజ్య పరిమాణానికి కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు, దాని మీద లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. శుద్ధమైన మందు ఎంతన్నది కాక, అందులో కలిపిన పిండి, చక్కెరతో సహా మొత్తం బరువునే లెక్కించాలని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పింది. వారాంతపు పార్టీకి నలుగురి తరఫున ఒకడే డబ్బు పోగుచేసి తెచ్చిన పొడి పది గ్రాములు దాటిందంటే, ఆ తెచ్చినవాడు చట్టం కళ్లకు స్నేహితుడిలా కనిపించడు. వాణిజ్య పరిమాణం కేసుల్లో బెయిలు చాలా కష్టం. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన ఆధారం ఉందని న్యాయమూర్తికి అనిపించాలి. అభియోగపత్రానికే 180 రోజుల గడువుంది.

పిల్లలకు ఈ అంకెలు చెప్పడానికి జంకవద్దు. నా అభిప్రాయంలో గంటసేపు చెప్పే నీతి కంటే "పది గ్రాములకు పదేళ్లు" అన్న ఒక్క మాట ఇరవై ఏళ్ల కుర్రవాడి చెవికి బాగా ఎక్కుతుంది.

అనుమానం వచ్చినప్పుడు

నిద్ర తారుమారు కావడం, ఆకలి పోవడం, జీతం వచ్చిన వారానికే అప్పులు అడగడం, పాత స్నేహితులను ఒక్కసారిగా వదిలేయడం, వీడియో కాల్ తప్పించుకోవడం, పండుగకు ఊరు రాకపోవడం వంటివి కనిపిస్తే గమనించాలి. అయితే ఇవన్నీ ఉద్యోగ ఒత్తిడికీ, కుంగుబాటుకూ, ప్రేమ వ్యవహారం చెడిపోవడానికీ కూడా లక్షణాలే. అందువల్ల నేరారోపణతో మొదలుపెట్టకండి. ఒకరే వెళ్లండి, మేనమామలనూ బాబాయిలనూ వెంటబెట్టుకుని పంచాయితీ చేయడానికి బయలుదేరవద్దు. మత్తు దిగి ఉన్న వేళ, అంటే మధ్యాహ్నం భోజనం తర్వాతో, బయట నడుస్తున్నప్పుడో, మీరు చూసినదాన్ని మాత్రమే చెప్పండి: "మూడు నెలల్లో నాలుగుసార్లు డబ్బు అడిగావు, పది కిలోలు తగ్గావు, నాకు భయంగా ఉంది." తరువాత మౌనంగా వినండి. ఫోను లాక్కోవడం, చెప్పకుండా మూత్రపరీక్ష చేయించడం, పీజీ గది తలుపు పగలగొట్టించడం వంటివి ఆ ఒక్క రోజుకు నిజాన్ని బయటపెట్టవచ్చు కానీ, ఆ తర్వాత అతడు మీకు ఏదీ చెప్పడు.

ఏం వాడుతున్నాడో, ఎంతకాలంగా వాడుతున్నాడో అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే ప్రమాదం మందును బట్టి మారుతుంది. గంజాయి ఎక్కువైన వారిలో కొందరికి భ్రమలు, అనుమానాలు మొదలవుతాయి. నిద్రమాత్రలకూ మద్యానికీ అలవాటుపడినవారు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు. గదిలో పెట్టి తాళం వేసి మాన్పిస్తామనే పెద్దలు ఈ సంగతి తెలుసుకోవాలి.

స్పృహ తప్పితే

శ్వాస నెమ్మదించి, కంటిపాపలు సూదిమొనంత చిన్నవై, పెదవులు నీలంగా మారితే అది హెరాయిన్ లేదా టాపెంటడాల్ వంటి నొప్పి మాత్రల జాతి మందు మోతాదు మించిన సూచన. ఎండీఎంఏ వల్ల ఒళ్లు కాలిపోతూ, దవడ బిగుసుకుని, గందరగోళంగా మాట్లాడవచ్చు. రెండు సందర్భాల్లోనూ వెంటనే 108కి ఫోను చేయండి. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఒంటరిగా వదలకండి. మత్తు దించుతుందని నిమ్మరసమో మజ్జిగో గొంతులో పోయకండి. స్పృహలో లేనివారికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నిద్రపోనిస్తే తెల్లారేసరికి దిగిపోతుందని గదిమిత్రులు అనుకోవడం వల్ల ప్రాణాలు పోతాయి. ఏం తీసుకున్నాడో వైద్యుడికి దాచకుండా చెప్పండి, మిగిలిన మాత్రల అట్ట ఉంటే చూపండి. మొదటి రకానికి నలొక్సోన్ అనే విరుగుడు ఆసుపత్రుల్లో ఉంటుంది. సమయానికి ఇస్తే కొద్ది నిమిషాల్లో ఊపిరి తిరిగి అందుతుంది.

చికిత్స ఎక్కడ, ఎలా

బెంగళూరులో ఉన్నవారికి ఒక అదృష్టం ఉంది. హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో వ్యసన వైద్యానికి ప్రత్యేక కేంద్రం ఉంది; ప్రభుత్వ సంస్థ కావడంతో ఖర్చు మధ్యతరగతికి అందుబాటులో ఉంటుంది. ఉదయాన్నే వెళ్లి వరుసలో ఉండవలసి వస్తుంది, ఓపిక పట్టండి. వెళ్లే ముందు మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్ 14416కు ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. వ్యసన విముక్తికి జాతీయ సహాయ సంఖ్య 14446. ఎయిమ్స్ 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో గంజాయి, భంగు వాడేవారు 3.1 కోట్ల మంది. ఇంతమందిలో మన పిల్లవాడూ ఉండటం వంశానికి తలవంపులని కుమిలిపోవడం కంటే, ఒక జబ్బుకు డాక్టరు దగ్గరికి వెళ్లినట్లే వెళ్లడం మేలు.

ప్రైవేటు డీ అడిక్షన్ కేంద్రంలో చేర్చేటట్లయితే, రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ నమోదు పత్రం చూపమని అడగండి. వారంలో ఎన్నిసార్లు సైకియాట్రిస్టు వస్తారో, కుటుంబాన్ని ఎప్పుడు కలవనిస్తారో అడగండి. "మూడు నెలలు మాకు వదిలేయండి, ఫోను కూడా చేయకండి" అంటే అక్కడ చేర్చకండి. రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పూర్తిగా నిషేధించింది.

పెళ్లి చేస్తే దారిలో పడతాడనే సలహా మన ఇళ్లలో తప్పక వస్తుంది. దాన్ని ఇచ్చినవారి పెద్దరికాన్ని గౌరవిస్తూనే పక్కన పెట్టండి. వేరే ఇంటి ఆడపిల్ల చికిత్స కాదు, విషయం దాచి చేసే పెళ్లి ఆమెకు చేసే మోసం.

పోలీసులు పట్టుకుంటే

మొదట ఏ సెక్షన్ కింద, ఎంత పరిమాణంతో కేసు పెట్టారో తెలుసుకోండి. మిగతాదంతా దాని మీద ఆధారపడుతుంది. 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఒంటిమీద సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు సమక్షంలో సోదా కోరే హక్కు ఉందని 50వ సెక్షన్ ప్రకారం చెప్పాలి. విచారణాధికారి ముందు ఇచ్చే ఒప్పుకోలును సాక్ష్యంగా వాడకూడదని సుప్రీంకోర్టు 2020లో తీర్పు ఇచ్చింది. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కు ఫోను చేసి ఉచిత న్యాయసహాయం అడగండి. స్టేషను బయట నిలబడి "రెండు లక్షలిస్తే పేరు తీయిస్తాం" అనే దళారులకు పైసా ఇవ్వకండి. డబ్బూ పోతుంది, కేసూ ఉంటుంది.

వాడకానికి సంబంధించిన 27వ సెక్షన్ కేసు, లేదా స్వల్ప పరిమాణం కేసు అయితే న్యాయవాదితో 64ఏ సెక్షన్ గురించి తప్పక మాట్లాడండి. వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో చికిత్సకు ముందుకు వచ్చి, దాన్ని పూర్తి చేస్తే, ఆ కేసులో విచారణ నుంచి రక్షణ పొందే వీలు చట్టంలోనే ఉంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఇంత ఉపయోగకరమైన నిబంధన గురించి కుటుంబాలకు చెప్పేవారు తక్కువ. చీటీలు, ప్రిస్క్రిప్షన్లు, ఆసుపత్రి హాజరు పత్రాలు అన్నీ తేదీలవారీగా ఒక ఫైలులో దాచడం మొదటి రోజు నుంచే మొదలుపెట్టండి.

అమ్మకం జరుగుతున్న చోటు తెలిసి సమాచారం ఇవ్వాలనుకుంటే, కేంద్ర నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో వారి మానస్ (పైన చెప్పిన టెలి మానస్ కాదు) సంఖ్య 1933కి పేరు చెప్పకుండానే ఇవ్వవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే మత్తు మందుల నిరోధానికి ఉన్న పోలీసుల ఈగల్ విభాగం సంఖ్య 1972. మీరే వెళ్లి నిలదీయడం, ఫోటోలు తీయడం వద్దు.

చికిత్స ముగించుకుని ఉద్యోగంలో చేరాక గది మార్పించండి, వీలైతే ఫోను నంబరు కూడా. జీతం ఖాతాను కొన్నాళ్లు ఇద్దరి పేరున ఉంచడానికి అతడినే ఒప్పించండి. బలవంతంగా లాక్కుంటే వేరే చోట అప్పు చేస్తాడు. అలవాటు తిరగబెట్టడం ఈ జబ్బులో తరచుగా జరిగేదే కనుక, అలా జరిగిన వారంలోనే పాత ఫైలు పట్టుకుని అదే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కొంతకాలం మానేశాక పాత మోతాదే తీసుకుంటే శరీరం తట్టుకోలేదన్న సంగతి అతడికీ, అతడి గదిమిత్రులకూ ముందే చెప్పి ఉంచండి.